మీరు ఏమవుతారు?



బేగంపేట అన్న పేరు వెనక ఒక పెళ్ళి ఉంది. నిజాం ఇంటి ఆడపిల్ల బషీరున్నిసా బేగం పైగా వంశానికి కోడలుగా వెళ్ళినప్పుడు ఈ నేలను కట్నంగా ఇచ్చారని, బేగంగారి పేట కాబట్టి బేగంపేట అయిందని చెప్పుకుంటారు. పక్కనున్న అమీర్‌పేటలోని అమీరు కూడా ఆ పైగా ప్రభువేనంటారు. కోచింగు సెంటర్ల బోర్డులూ మెట్రో స్తంభాలూ పక్కకు జరిపి చూస్తే ఈ రెండు పేటలూ ఒక వియ్యం తాలూకు గుర్తులు.

పైగాలు నిజాముల సైన్యాలు నడిపిన ప్రభువులు, తరతరాలుగా వారికి అల్లుళ్ళు. వారిలో సర్ వికారుల్ ఉమ్రా 1893 నుంచి 1901 దాకా హైదరాబాదు సంస్థానానికి దివానుగా చేశారు. ఫలక్‌నుమా కట్టించింది ఆయనే. ముచ్చటపడి కట్టించుకున్న ఆ మేడను ఆరో నిజాంకు అప్పగించి, తాను బేగంపేటలో ఇంకో దేవిడీ కట్టుకున్నారు. ఆ ఇళ్ళ మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు ఆ స్థాయిలో ఉండేవి మరి!

ఆ ప్రభువుల ముఖాలు మనకు ఇవాళ తెలుస్తున్నాయంటే అది రాజా దీన్‌దయాళ్ పుణ్యం. 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టాడు. రూర్కీలో చదివాడు. ఇండోర్‌లో సర్కారు కొలువు చేస్తూ కెమెరా పట్టాడు. చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఆస్థాన ఫోటోగ్రాఫరై సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. ఆయన తీసిన వేట ఫోటోలూ, దర్బారు ఫోటోలూ ఇప్పటికీ పుస్తకాలకెక్కుతున్నాయి. పులి మీద కాలు పెట్టి నిలబడ్డ దొరలను చూసి చూసి నాకైతే మొహం మొత్తింది. ఈ ప్రసంగానికి నాకు కావలసింది ఆయన 1892లో హైదరాబాదులో ఆడవారి కోసం విడిగా తెరిచిన జెనానా స్టూడియో.

పరదా పాటించే ఇంట్లో స్త్రీ ముఖం ఎవరు చూడవచ్చు, ఎవరు చూడకూడదు అన్నది బంధుత్వమే తేలుస్తుంది. తండ్రి చూడవచ్చు, తోడబుట్టినవాడు చూడవచ్చు, మేనమామ చూడవచ్చు. పెదనాన్న కొడుకు మాత్రం చూడకూడదు. మన ఇళ్ళలో అన్నయ్య అయ్యే మనిషి అక్కడ పరాయివాడు. ఇంత కట్టుదిట్టమైన ఇంట్లోకి కెమెరా వస్తే ఏం చేయాలి? దాని వెనక నిలబడ్డవాడు ఏ వరస? దీన్‌దయాళ్ దీనికి దారి కనిపెట్టాడు. స్టూడియో చుట్టూ ఎత్తు గోడలు కట్టించాడు. కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషావిడకు బాధ్యత అప్పగించాడు. లోపల పనిచేసేవాళ్ళందరూ ఆడవాళ్ళే. హైదరాబాదు బేగంలు అలా నిర్భయంగా ఫోటోకి కూర్చున్నారు.

నూట ముప్పై ఏళ్ళ నాటి ఈ ముచ్చటలో నాకు ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. ఫోటో తీయడం అంటే ముందుగా తేల్చుకోవలసింది లెన్సు గురించీ వెలుతురు గురించీ కాదు. ఎవరు ఎవరికి ఏమవుతారు అన్నది.

ఇప్పుడు అదే బేగంపేటలో కాలాన్ని కొంచెం ముందుకు జరుపుదాం. 2008లో పైగాల పాత మేడ అయిన పైగా ప్యాలెస్‌లోకి అమెరికా కాన్సులేట్ వచ్చింది. 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు మారేదాకా అక్కడే నడిచింది. ఆ వీధిలో ఫైళ్ళు గుండెలకు హత్తుకుని నిలబడిన జనం మీలో చాలామందికి గుర్తుండే ఉంటారు. మీలో కొందరు ఆ వరసలో నిలబడే ఉంటారు కూడా. భర్త దగ్గరికి వెళ్ళబోయే అమ్మాయి ఫైల్లో ఏముండేది? పాస్‌పోర్టు, మ్యారేజ్ సర్టిఫికెట్, వాటి వెనక పెళ్ళి ఫోటోలు. జీలకర్రబెల్లం పెడుతున్నది ఒకటి, తలంబ్రాలది ఒకటి, ఇరువైపుల పెద్దలూ వరసగా నిలబడ్డ గ్రూప్ ఫోటో ఒకటి. కిటికీ అవతల కూర్చున్న దొరగారు అడిగితే చూపించడానికి. అదే ఫైల్లో ఇంకో ఫోటో కూడా ఉండేది. రెండంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు, వెనక తెల్లటి గోడ, కళ్ళజోడు తీసేసి నేరుగా చూస్తున్న ముఖం. దేశం దాటడానికి ఒక ఫోటోలో ఒంటరిగా ఉండి తీరాలి, ఇంకో ఫోటోలో నలుగురి మధ్యా ఉండి తీరాలి.

ఒకప్పుడు ఆ మేడలో గోడమీద వేలాడటానికి తీసిన ఫోటోలు, అదే గేటు ముందు సాక్ష్యం చెప్పడానికి వచ్చాయి. చదువుకున్న ఆడపిల్ల, చదువుకున్న మొగుడు, ఊరంతా భోంచేసిన పెళ్ళి. అయినా ‘ఈయన మీకు ఏమవుతారు?’ అన్న ప్రశ్నకు ఫోటో జవాబు చెప్పవలసి వచ్చింది.

ఆ పెళ్ళి ఫోటోను కొంచెం దగ్గరగా చూద్దాం. మండపం మీద అక్షింతలయ్యాక ఫోటోగ్రాఫరు మైకందుకుంటాడు. అమ్మాయి మేనమామగారి వాళ్ళు రావాలి అంటాడు. అబ్బాయి మేనత్తలు, బాబాయిలు, పిన్నులు, ఆడపడుచులు రావాలి అంటాడు. ఒక్కొక్క జట్టూ వచ్చి నిలబడి దిగిపోతుంది. మన బంధుత్వ శాస్త్రమంతా ఆ అరగంటలో వరస తప్పకుండా నడుస్తుంది. పిల్లను పదిహేనేళ్ళు జడవేసి బడికి పంపిన పనిమనిషి మాత్రం వంటశాల గుమ్మం దగ్గర నిలబడి చూస్తుంటుంది. ఆమె ఏ పిలుపులోనూ లేదు. ఫోటోగ్రాఫరు తప్పేం లేదు పాపం, ఇంటివాళ్ళు ఇచ్చిన జాబితా చదువుతున్నాడంతే. పాత నలుపు తెలుపు ఫోటోల్లోనూ ఇదే. భర్త పోయిన మేనత్త ఇంటెడు చాకిరీ చేసి, పెళ్ళి ఫోటో దగ్గరికి వచ్చేసరికి పెరట్లోకి వెళ్ళిపోయేది. ఆల్బమ్‌లో ఉన్నవాళ్ళను లెక్కపెడితే సగం కథే తెలుస్తుంది.

ఈ మధ్య ఫోటో ఇంకో పనికి కూడా వస్తోంది. అమీర్‌పేట సందుల్లోనే కాదు, మన ఏ ఊరి డిజిటల్ స్టూడియోలోనైనా కాసేపు కూర్చోండి. ఒక కుర్రాడు వస్తాడు. చెల్లి పెళ్ళి ఫోటో పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇస్తాడు. నాన్నను ఇందులో కలపాలన్నా అంటాడు. నాన్న పోయి నాలుగేళ్ళు. ఉన్నదల్లా ఆధార్ కార్డు మీది ఫోటో. స్టూడియో అతను ఆ ముఖాన్ని స్కాన్ చేస్తాడు. మరకలు తుడుస్తాడు. కంప్యూటర్‌లో దాచుకున్న పట్టుపంచె, కండువాల్లోంచి ఒకటి తీసి ఆ తలకింద అమరుస్తాడు. అమ్మ పక్కన కాస్త చోటు చేసి నిలబెడతాడు. ఎత్తు సరిపోదు. నాన్న ఇంకొంచెం పొడవుండేవాడా అని అడుగుతాడు. కుర్రాడు తన భుజం దగ్గర చెయ్యి పెట్టి చూపిస్తాడు. మౌస్ కొంచెం కదులుతుంది. ఆధార్ ఫోటోకి నవ్వు ఉండదు కదా, పెళ్ళిలో అందరూ నవ్వుతుంటే ఆయనొక్కడే బిగుసుకుని ఉంటాడు. ఎవరూ దాన్ని పట్టించుకోరు. కరిజ్మా ఆల్బమ్‌లో మొదటి పేజీలో వేయమంటారు.

ఇది దొంగ ఫోటో అనేవాళ్ళున్నారు. ఏ కాన్సులేటూ దీన్ని ఒప్పుకోదు, నిజమే. కానీ ఆ ఇంట్లో అంతకంటే నిజమైన ఫోటో ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

ఇక సాహిత్యం సంగతి. తెలుగువాళ్ళు తమ ఇంటి వరసలు దాటి ఇతరుల ఇళ్ళలోకి తొంగి చూసింది అనువాదాల కిటికీలోంచే. చక్రపాణిగారు మదనపల్లె శానటోరియంలో క్షయ వ్యాధికి చికిత్స పొందుతూ బెంగాలీ నేర్చుకున్నారు. ఆ తర్వాత ఆ భాష నవలాకారుడు శరత్‌బాబును తెలుగులోకి తెచ్చారు. బొందలపాటి శివరామకృష్ణ, శకుంతలాదేవి వంటివారు ఇంకా తెచ్చారు. శరత్ తెలుగు రచయితే అనుకున్న పాఠకులకు కొదవలేదు. నిజానికి ఆ బెంగాలీ ఇంటి కట్టు మనది కాదు. మేనమామ కూతురు మనకు మరదలు, పెళ్ళాడదగిన పిల్ల. అక్కడ ఆమె చెల్లెలు. అయినా ఆ ఇళ్ళ వితంతువుల కన్నీళ్ళు మనవాళ్ళకు అర్థమయ్యాయి. వరసలు కుదరకపోయినా బాధ కుదిరింది. 1961లో భానుమతిగారి ‘బాటసారి’ వచ్చినప్పుడు అది శరత్ నవలని చాలామందికి గుర్తులేదు కూడా.

దీనికంటే దూరపు ప్రయాణం ‘ఏడు తరాలు’ది. అమెరికా రచయిత అలెక్స్ హేలీ 1976లో వెలువరించిన పుస్తకాన్ని సహవాసి తెలుగులో కుదించి రాశారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. బానిసకు చట్టరీత్యా పెళ్ళి లేదు, బిడ్డ మీద హక్కు లేదు. యజమాని అమ్మేస్తే తల్లి ఒక రాష్ట్రం, పిల్ల ఒక రాష్ట్రం. ఆఫ్రికా నుంచి బానిసగా తెచ్చిన కున్‌టా కింటే వంశంలో అందుకే పెద్దవాళ్ళు పిల్లలకు నోటితో కథ చెప్పుకుంటూ వచ్చారు. ఫోటోల్లేవు, దస్తావేజుల్లేవు. హేలీ చెప్పిన వంశక్రమం పాత రికార్డులతో సరిపోవడం లేదని తర్వాత చరిత్రకారులు తప్పుపట్టారు. ఇంకో నవల నుంచి కొన్ని భాగాలు తీసుకున్నాడన్న కేసులో 1978లో రాజీ కూడా చేసుకున్నాడు. ఇవన్నీ చెప్పుకోవలసిందే. అయితే ఖమ్మం, కరీంనగరు పల్లెల్లో ఆ పుస్తకం చదివి మా తాతల కథ లాగే ఉందన్న దళిత పాఠకుడికి, హేలీ రక్తసంబంధం కాగితాల మీద తేలిందా లేదా అన్నది పట్టలేదు. కున్‌టాను తన వంశంలో కలుపుకున్నాడు.

ఇలా కలుపుకోవడానికి అవతలి మనిషి ఎంత దూరంగా ఉంటే అంత సులువు, ఆఫ్రికాలోనో అమెరికాలోనో. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర కారు అద్దం మీద తట్టే మనిషిని కలుపుకోవడం కష్టం. ఇక్కడే నేను రచయిత్రి పి. సత్యవతిగారి గురించి చెప్పాలి.

సత్యవతిగారి ‘ఇల్లలకగానే’ కథ మీకు తెలిసే ఉంటుంది. ఇల్లలుకుతూ పేరు మరచిపోయిన ఈగ కథ మనందరికీ చిన్నప్పటిది. ఆమె కథలో ఇల్లాలు కూడా ఇల్లు శుభ్రం చేస్తూ తన పేరు మరచిపోతుంది. మొగుడికి ఏమోయ్, పిల్లలకు అమ్మ, అత్తమామలకు కోడలు. వీళ్ళెవరికీ ఆమె పేరుతో పని లేదు. చివరికి చిన్ననాటి స్నేహితురాలు శారదా అని పిలిస్తే గాని ఆమె పేరు ఆమెకు దొరకదు. మన వరసల తియ్యదనం గురించి ఎంతైనా చెప్పుకుంటాం గానీ, అవే వరసలు మనిషి పేరును మింగేస్తాయని ఇంత నవ్విస్తూ చెప్పిన కథ తెలుగులో నాకు ఇంకోటి కనపడదు.

అదే రచయిత్రి ఎ. రేవతి ఆత్మకథను తెలుగు చేశారు. రేవతి తమిళనాడులో నామక్కల్ ప్రాంతంలో మగపిల్లవాడిగా పుట్టి, తనలోని స్త్రీని గుర్తించి, ఇల్లు వదిలి హిజ్రాల్లో కలిసిన మనిషి. ఆమె తమిళంలో రాసిన దాన్ని వి. గీత ఇంగ్లీషులోకి తెస్తే 2010లో అచ్చయింది. సత్యవతిగారు దాన్ని ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగులోకి తెచ్చారు. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం వచ్చింది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. ఒక కథలో చుట్టూ బంధువులే, పేరు లేదు. రెండో పుస్తకంలో మనిషి తన పేరు తానే పెట్టుకుంది, రక్తబంధువులు తలుపు వేశారు. రేవతి పుట్టింట్లో అన్నల చేతిలో దెబ్బలు తింది. బయట గురువు ఆమెను కూతురుగా చేర్చుకుంది. హిజ్రాల జమాత్‌లో గురువు తల్లి, గురువుకు గురువు అమ్మమ్మ. ఒకే గురువు చేరదీసినవాళ్ళు తోబుట్టువులు. చేర్చుకోవడానికి నలుగురి ఎదుటా జరిగే తంతు ఉంది. తప్పు చేస్తే జరిమానా ఉంది. జబ్బు చేస్తే చూసుకునే బాధ్యత ఉంది, చావుకి ఏడ్చే హక్కు ఉంది. అక్కడా పెత్తనం ఉంది, దెబ్బలున్నాయి, సంపాదనలో వాటాల తగాదాలున్నాయి. రేవతి అది దాచలేదు. దాచకపోవడమే ఆ పుస్తకం బలం. ఆ ఇల్లు స్వర్గమని రాసి ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు. అన్నిటికంటే నన్ను పట్టుకున్నది, తన్నిన ఇంటికే ఆమె మళ్ళీ మళ్ళీ తిరిగి వెళ్ళడం. అమ్మానాన్నలను వదులుకోవడం ఆమె చేతకాలేదు.

ఫోటోల్లో దీనికి జోడీ ఫోటోగ్రాఫరు దయానితా సింగ్ పుస్తకం. దాని సంగతి చెప్పేముందు ఒక ప్రదర్శన ముచ్చట. 1955లో న్యూయార్క్‌లో ఎడ్వర్డ్ స్టైఖెన్ ‘మానవ కుటుంబం’ పేరుతో 68 దేశాల నుంచి 503 ఫోటోలు పేర్చి పెద్ద ప్రదర్శన పెట్టాడు. పుట్టుక, పెళ్ళి, చావు అందరికీ ఒకటే అని చెప్పాడు. ఊళ్ళూ దేశాలూ తిరిగింది ఆ ప్రదర్శన. చావు అందరికీ ఒకటే అంటే సరిపోతుందా, ఎవరు ఎందువల్ల చస్తున్నారో చెప్పవద్దా అని రోలాఁ బార్త్ అనే ఫ్రెంచి విమర్శకుడు ఎద్దేవా చేశాడు. నేను బార్త్ పక్షమే. దయానిత అలా ప్రపంచమంతా తిరగలేదు. ఢిల్లీలో మోనా అహ్మద్ అనే ఒక్క హిజ్రాను పట్టుకుని ఏళ్ళ తరబడి ఫోటోలు తీసింది. మొదటిసారి 1989లో లండన్ పత్రిక కోసం తీసింది. పత్రిక లండన్‌లో అచ్చవుతుందని తెలిసి, అక్కడ మా బంధువులున్నారు, వాళ్ళు చూస్తారు, ఫిల్మ్ ఇచ్చేయమంది మోనా. దయానిత ఫిల్మ్ రోలు తీసి ఆమె చేతిలో పెట్టేసింది. వాళ్ళ స్నేహం అక్కడ మొదలైంది. వెలివేసిన బంధువుల పరువు కాపాడాలనుకున్న మోనా, అచ్చుకావలసిన ఫోటోలు వదులుకున్న ఫోటోగ్రాఫరు. ఇద్దరిలో ఎవరిది పెద్ద మనసో నేను చెప్పలేను.

తర్వాత మోనా ఒక పసిపాపను పెంచుకుంది. ఆయేషా అని పేరు పెట్టింది. పుట్టినరోజులు ఘనంగా చేసింది. ఆ పుట్టినరోజుల ఫోటోలు ఏ ఇంటి ఆల్బమ్‌కీ తీసిపోవు. అలంకరణలు, చుట్టాలు, పిల్లను ఎత్తుకుని మురిసిపోతున్న తల్లి. ఆ తర్వాత గురువు ఆ పాపను ఆమె దగ్గర్నుంచి తీసుకుపోయింది. మోనా శ్మశానంలో ఇల్లు కట్టుకుని బతికింది. 2001లో ఈ ఫోటోలతో దయానిత పుస్తకం వచ్చింది. 2017లో మోనా పోయింది.

పాపను పెంచుకోవడం అంటే మన హైదరాబాదులోనే ఒక చట్టం గుర్తుకొస్తుంది. 1919లో, అంటే ఫస్లీ 1329లో, నిజాం రాజ్యం హిజ్రాల మీద చట్టం తెచ్చింది. వాళ్ళ పేర్లు రిజిస్టరులో రాయాలి. ఆడబట్టలు కట్టి వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. పదహారేళ్ళలోపు మగపిల్లవాణ్ణి తమ దగ్గర పెట్టుకుంటే జైలు. బేగంల ముఖాలు ఎవరూ చూడకూడదని గోడలు కట్టిన ఊరే, ఈ మనుషుల ముఖాలు మాత్రం పోలీసులు గుర్తుపట్టేలా ఉండాలంది. రాజ్యం పోయింది, రాష్ట్రాలు మారాయి, ఆ చట్టం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. 2018లో దాని మీద కోర్టుకు వెళితే, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. నూట నాలుగేళ్ళు పట్టింది!

అంతటితో అయిపోయిందనుకోకండి. 2019లో పార్లమెంటు చేసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టంలో కుటుంబం అంటే ఏమిటో రాశారు. రక్తం వల్ల, పెళ్ళి వల్ల, చట్టప్రకారం దత్తత వల్ల సంబంధం ఉన్నవాళ్ళు కుటుంబం. గురువు అందులో లేదు. కన్నవాళ్ళు చూసుకోలేకపోతే ఆ మనిషిని పునరావాస కేంద్రానికి పంపమని ఉంది గానీ, చేరదీసిన తల్లి దగ్గరికి పంపమని లేదు. ఎవరి మేలు కోసం చట్టం చేశారో, వాళ్ళు కట్టుకున్న ఇంటినే ఆ చట్టం గుర్తించలేదు.

కోర్టులు అక్కడక్కడా ముందుకు వస్తున్నాయి. చండీగఢ్‌లో ఒక నర్సు తన భర్త మొదటి భార్య పిల్లల కోసం సెలవు వాడుకుందని, సొంత కాన్పుకు సెలవు నిరాకరించారు. 2022లో సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు చెబుతూ, కుటుంబం అంటే అమ్మ, నాన్న, పిల్లలు అనే ఒక్క అచ్చే కాదంది. 2025 మేలో మద్రాసు హైకోర్టు, మనుషులు తాము ఎంచుకుని కట్టుకున్న కుటుంబం కూడా కుటుంబమేనని ఒప్పుకుంది. ఇవి మంచి మాటలే. కానీ రేపు ఆసుపత్రిలో ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు రోగితో సంబంధం అన్న గడిలో ఏం రాయాలో ఈ తీర్పులు ఇంకా చెప్పలేదు. పదేళ్ళు ఒకే గదిలో ఉన్న స్నేహితుడు, పెంచిన ఆయా, జమాత్‌లోని గురువు ఆ గడి దగ్గరే ఆగిపోతున్నారు.

ఇలా వరసలు కలుపుకోవడం మన తెలుగువాళ్ళకు కొత్త విద్యేమీ కాదు. టీకొట్టు ముసలాయనను బాబాయ్ అంటాం, ఆటో అతన్ని అన్నా అంటాం. రైల్లో పక్క సీటు ఆవిడతో రెండు స్టేషన్లు దాటేలోపు వరస కలిపేస్తాం. నోటితో కలిపిన వరసను ఫోటోలోకీ, కాగితం మీదికీ తీసుకురావడంలోనే తటపటాయిస్తాం. అమీర్‌పేట హాస్టళ్ళలో నలుగురైదుగురు కుర్రాళ్ళు ఒక గదిలో వండుకు తింటూ, ఒకడికి జ్వరం వస్తే మిగతావాళ్ళు మేలుకుంటూ ఉద్యోగాల కోసం ఏళ్ళు గడుపుతారు. ఉద్యోగమొచ్చి పెళ్ళయ్యే నాటికి వాళ్ళు ఫ్రెండ్స్ అన్న చివరి పిలుపులో, అందరూ భోజనాలకు లేచాక ఫోటోకి వస్తారు.

‘ఒక హిజ్రా ఆత్మకథ’ హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురణ. ‘ఇల్లలకగానే’ సత్యవతిగారి కథల్లో దొరుకుతుంది. రెండూ చదవండి, చదివి ఇంట్లో పెద్దవాళ్ళ చేత కూడా చదివించండి. ఈసారి మీ ఇంట్లో శుభకార్యమైతే, ఫోటోగ్రాఫరుకి ఇచ్చే జాబితా ముందురోజే కూర్చుని రాయండి. మిమ్మల్ని పెంచినవాళ్ళూ, కష్టంలో నిలబడ్డవాళ్ళూ ఎవరెవరో అందులో చేర్చండి. మైకులో వాళ్ళను వరసతో కాకుండా పేరు పెట్టి పిలవమని చెప్పండి.